వంశవృక్షంలో రెండుసార్లు వచ్చిన పేరు

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. తీరిక చేసుకుని చదవండి.

మన యానాం కుటుంబాల వంశవృక్షాలు ఒకచోట చేర్చాలని సంఘంలో అనుకున్న దగ్గర్నుంచి ఫారాలు నింపి పంపిస్తున్న వాళ్ళందరికీ ముందుగా కృతజ్ఞతలు. వాటిని సరిచూసే పనిలో మా ఇంటివాళ్ళం కూడా ఓ చెయ్యి వేశాం. అప్పుడు ఒక సంగతి కంటపడింది. తాతల తరం దగ్గర 'సంతానం' అన్న గడిలో ముందు ఒక అంకె వేసి, దాన్ని కొట్టేసి, పక్కన ఇంకో చిన్న అంకె వేసినవి చాలా ఉన్నాయి. ఏడు కొట్టేసి ఐదు. తొమ్మిది కొట్టేసి ఆరు. ఫోన్ చేసి అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట. "ఇద్దరు చిన్నప్పుడే పోయారండీ, వాళ్ళని కూడా రాయాలా?"

రాయాలి. ఎందుకు రాయాలో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మేమంటే నలుగురం తోబుట్టువులం. ఇద్దరం పాండిచ్చేరిలో ఉంటున్నాం, ఒకరు కాకినాడలో, ఒకరు యానాంలోనే. ఇది నలుగురం కూర్చుని రాసుకున్నది. మా పెద్దత్తయ్యకి చదివి వినిపించి, ఆవిడ సరే అన్నాకే మీ ముందు పెడుతున్నాం.

మా చిన్నప్పుడు మాకు తెలిసింది ఇంతే. నాన్న కంటే ముందు ఒక పిల్లాడు ఉండేవాడు. కుడితి గోలెంలో పడి పోయాడు. అప్పుడు వాణ్ణి ఎత్తుకున్నది పెద్దత్తయ్య. సందెవేళ ఆటలో పడి పిల్లాణ్ణి వదిలేసింది. ఇది మాకెవరూ కూర్చోబెట్టి చెప్పిన కథ కాదు. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, వంటింట్లో ఆడవాళ్ళు గొంతు తగ్గించి అనుకునే మాటల్లోంచి ఏరుకున్నది. ఆ పిల్లాడి పేరేమిటో ఎవరూ అనలేదు, మాకూ అడగాలని తోచలేదు. "ఆ పోయినవాడు" అనేవారు, అంతే.

ఆ చావు మా ఇంట్లో ఇంకో రకంగా కూడా ఉండిపోయింది. మామ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో పొద్దుపోయాక ఒక్క బకెట్టు కూడా నీళ్ళతో ఉండేది కాదు. బకెట్లు, గంగాళాలు, ఆఖరికి బట్టలు నానబెట్టే తొట్టి కూడా బోర్లించాల్సిందే. తాగే నీళ్ళ బిందెల మీద మూత, ఆ మూత మీద సన్నికల్లు. నూతి చుట్టూ మా నడుం ఎత్తు చప్టా. పశువులు ఉన్నన్నాళ్ళూ కుడితి ఎప్పటికప్పుడు బాల్చీలో కలిపి, దగ్గర నిలబడి తాగించి, బాల్చీ బోర్లించేవారు. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన మా అమ్మ ఇదేదో వీళ్ళింటి ఆచారం కాబోలు, నిండు కుండ రాత్రి ఉంటే అరిష్టం కాబోలు అనుకుంది. పాండిచ్చేరిలో కాపురం పెట్టాక కూడా మానలేదు. కారణం తెలియకుండానే మేమూ చేస్తున్నాం.

ఇంక పెద్దత్తయ్య. బారసాలకి వస్తే ఉయ్యాల దగ్గరికి వచ్చేది కాదు. వంటింట్లో గారెలు వేస్తూ కూర్చునేది. పసిపిల్లలకి నలుగు పెట్టి నీళ్ళు పోయమంటే తప్పుకునేది. ఆవిడకి పిల్లలంటే అంత ఇష్టం లేదేమో అనుకునేవాళ్ళం. మా నాన్నని 'తమ్ముడూ' అనడమే తప్ప, పేరుపెట్టి పిలవగా మేమెవరం వినలేదు.

నాన్న పోయిన కొన్నేళ్ళకి యానాంలో ఇంటి స్థలం పంపకాలకి వారసత్వ కాగితాలు కావాల్సి వచ్చాయి. నాన్న జనన పత్రం కావాలన్నారు. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది కదా. ఆ రోజుల జనన మరణాలన్నీ మన పెద్దవాళ్ళు 'మేరీ' అనే మునిసిపాలిటీ రిజిస్టర్లలో ఫ్రెంచిలో రాసి ఉంటాయి. దరఖాస్తు పెట్టాం. అక్కడి గుమాస్తాగారు ఓపిగ్గా వెతికి, మమ్మల్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "మీరు చెప్పిన తేదీన మీ ఇంట్లో ఒక మగపిల్లాడు పుట్టాడండీ, కానీ పేరు ఇది కాదు. మీరు చెప్పిన పేరుతో రెండేళ్ళ ముందు ఇంకో పిల్లాడు పుట్టాడు. ఆయన 1948లో చనిపోయినట్టు ఉంది."

మా నాన్న పేరు ఆయన అన్నగారి పేరు. కచేరీ చావడిలో బల్ల మీద కూర్చుని ఆ మాట అర్థం చేసుకోవడానికి మాకు కాసేపు పట్టింది. అన్నగారు పోయేనాటికి నాన్న పదహారు రోజుల పసివాడు. ఇంకా బారసాల కాలేదు. ఫ్రెంచి వాళ్ళ పద్ధతిలో పుట్టిన వెంటనే పేరు నమోదు చేయించాలి కాబట్టి రిజిస్టరులో ఒక పేరు రాయించారు. ఆనక బారసాల నాడు బియ్యంలో రాసిన పేరు మాత్రం పోయినవాడిది. రిజిస్టరులో రాయించిన పేరుతో నాన్నని ఒక్కరోజు కూడా ఎవరూ పిలవలేదు.

మరణ పత్రం నకలు తెచ్చుకున్నాం. మన సంఘంలోనే ఫ్రెంచి చదువుకున్న మాస్టారు ఒకరు దాన్ని మాకు లైను లైనుగా చదివి పెట్టారు. తారీఖు, గంట అంతా అక్షరాల్లోనే ఉంది. 1948 నవంబరు 23. ఉదయం పదిన్నర. తండ్రి ఇంట్లో. వయసు రెండేళ్ళ ఆరు నెలలు. తల్లి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి తాతయ్య స్వయంగా వెళ్ళి చెప్పినట్టు, కింద ఆయన సంతకం. తెలుగులో, వంకరగా.

ఎలా పోయాడో మాత్రం లేదు. నీళ్ళ మాట లేదు, గోలెం మాట లేదు, అక్క మాట లేదు. మాస్టారిని అడిగితే చెప్పారు. ఫ్రెంచి సివిల్ కోడ్‌లో 85వ అధికరణం అని ఒకటి ఉందట. ఎవరైనా ప్రమాదంలోనో, దెబ్బల వల్లనో, జైల్లోనో, ఉరికంబం మీదో పోతే ఆ సంగతులేవీ మరణ రిజిస్టరులో రాయకూడదు. మామూలుగా పోయినవాళ్ళకి ఎలా రాస్తారో వీళ్ళకీ అలాగే రాయాలి. చావు తీరు వల్ల ఆ ఇంటికి మచ్చ రాకూడదన్నది దాని ఉద్దేశం.

ఆ కాగితం ముందు పెట్టుకుని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంట్లో మిగిలిందేమో ఎలా పోయాడన్నది, ఎవరి చేతిలో ఉండగా పోయాడన్నది. రిజిస్టరులో మిగిలిందేమో వాడి పేరు, వయసు, అమ్మానాన్నలు, గంట. కాగితంలో ఉన్నది ఇంట్లో లేదు, ఇంట్లో ఉన్నది కాగితంలో లేదు.

ఇంకొకటి కూడా తేలింది. ఇంట్లో మాట 'సందెవేళ ఆటలో పడి' అని. కాగితంలో ఉదయం పదిన్నర. ఆ తారీఖుకి వారం చూస్తే మంగళవారం. మంగళవారం యానాం సంత. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం సరుకుల కోసం విరగబడే రోజు. తాతయ్యకి బట్టల కొట్టు. ఆ రోజు తెల్లవారుజామునే వెళ్ళిపోయి ఉంటాడు. మామ్మ పదహారు రోజుల బాలింత, పురిటి గదిలోంచి బయటికి రాకూడదు. మంగళవారం ఉదయం పదిన్నరకి తొమ్మిదేళ్ళ పిల్ల ఇంట్లో ఎందుకుంది? బడిలో ఉండాలి కదా?

పెద్దత్తయ్యకి ఇప్పుడు ఎనభై ఆరు. తాళ్ళరేవులో కొడుకు దగ్గర ఉంటుంది. కాగితం పట్టుకుని నలుగురం వెళ్ళాం. నిలదీయడానికి కాదు, చూపించడానికి. ఆవిడకి ఫ్రెంచి రాదు. పేరు దగ్గర వేలు పెట్టి చూపించాం. "వాడి పేరు రాశారా?" అని అడిగింది. రాశారని చెప్పాం. "ఎక్కడా లేదనుకున్నాను," అంది.

తర్వాత తనే చెప్పింది. అమ్మ పురిటి గదిలోకి వెళ్ళిన రోజు నుంచీ బడి మాన్పించారట. "పదహారు రోజులు," అంది. డెబ్భై ఏడేళ్ళయినా ఆ లెక్క మర్చిపోలేదు. పిల్లాడికి పొద్దున్న అన్నం పెట్టడం, ఎత్తుకోవడం, ఉయ్యాల్లో వాడి తమ్ముడు ఏడిస్తే ఊపడం, అన్నీ ఆవిడ పనే. ఆ వేళ ఉప్పు తెమ్మని కొట్టుకి పంపారు. సంత జనం వల్ల కొట్టు దగ్గర ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి పెరట్లో ఎవరూ లేరు. గోలెం సగం దాకా భూమిలో పాతి ఉండేదట. వాడి ఛాతీ ఎత్తు కూడా ఉండేది కాదట. లోపల జానెడు నీళ్ళు.

"ఆటలో పడి అన్నారు కదత్తయ్యా," అన్నాం.

"అంటే అన్నార్రా. చేతిలో ఉప్పు ఉంది నాకు."

"ఎవరు పంపారు?"

"పోయినవాళ్ళ మీద ఇప్పుడెందుకు?"

మేం మళ్ళీ అడగలేదు. అడిగితే ఇంకో పేరు వచ్చేది. ఆ పేరు మీద కూడా ఏదో ఒక పని ఉండేది. పొయ్యి మీద ఎసరో, పురిటి గదిలోకి ఇవ్వాల్సిన పథ్యమో. ఇన్నాళ్ళూ ఒకరు మోసిన దాన్ని ఇంకొకరి నెత్తికి ఎత్తడానికి కాదు మేం వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన గోదావరి వాళ్ళం నీళ్ళ చావు అనగానే పెద్ద నీళ్ళే తలుచుకుంటాం. 1839 కోరంగి ఉప్పెన, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను. వాటికి తారీఖులు చెప్పుకుంటాం, ఏ ఇంట్లో ఎవరు పోయారో చెప్పుకుంటాం. ఎందుకంటే అక్కడ నింద వెయ్యడానికి మనిషి ఉండడు. గోలెం, నుయ్యి, పిల్లకాలువ, ఇప్పుడైతే సంపు, డ్రమ్ము, బకెట్టు. ఈ చిన్న నీళ్ళకి తారీఖు ఉండదు. పక్కన ఎవరున్నారన్న మాట మాత్రం ఉంటుంది.

కాకినాడలో ఉండే మా చెల్లెలు నర్సు. తను చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షలమంది. అందులో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళ లోపు పిల్లలు. మనలాగే డెల్టా దేశమైన బంగ్లాదేశ్‌లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. పసిపిల్లలు మునిగిపోయేది ఎక్కువగా ఇంటికి కొద్ది అడుగుల దూరంలోనే అని, అదీ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు, ఇంట్లో ఆడవాళ్ళు పనుల్లో మునిగి ఉండే వేళల్లో అని తేలింది. మా కాగితంలో ఉన్న పదిన్నర సరిగ్గా ఆ వేళే. రెండు మూడేళ్ళ పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు. తొంగిచూస్తే ముందుకి తూలుతారు, తిరిగి లేవలేరు. జానెడు నీళ్ళు చాలు. అరుపు వినపడదు, నీళ్ళ చప్పుడు కూడా పెద్దగా ఉండదు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఉప్పు తెచ్చేంత సేపు.

దీనికి ఆ దేశం వాళ్ళు కనుక్కున్న ఉపాయం, పిల్లల్ని చూసుకునేవాళ్ళని తిట్టడం కాదు. పని వేళల్లో వీధి పిల్లలందరినీ ఒకచోట చేర్చి, శిక్షణ ఉన్న ఒక పెద్దామెకి అప్పజెప్పే చిన్న బాలవాడీలు. అవి పెట్టిన ఊళ్ళల్లో మునిగిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. ఆరోగ్య సంస్థ కూడా ఇప్పుడు అన్ని దేశాలకీ ఇదే సలహా చెబుతోంది. దాంతోపాటు నీళ్ళ చుట్టూ అడ్డు కట్టమని, ఆరేళ్ళు దాటినవాళ్ళకి ఈత నేర్పమని, ఊపిరి అందించే పద్ధతి పెద్దవాళ్ళకి నేర్పమని. తొమ్మిదేళ్ళ పిల్ల రెండేళ్ళ పిల్లాడికి కాపలా ఉండలేదు. అది ఆ పిల్ల తప్పు కాదు. ఆ రోజుల్లో పురుడు వచ్చిన ప్రతి ఇంట్లోనూ అదే ఏర్పాటు, ఇంకో దారి లేదు. చాలా ఇళ్ళల్లో ఏమీ కాలేదు. మా ఇంట్లో అయింది.

మరి పేరు ఎందుకు పోతుంది అంటే, దానికీ కారణం ఉంది. మన ఆచారంలో రెండేళ్ళ లోపు పిల్లల్ని దహనం చెయ్యరు, పూడుస్తారు. మూడేళ్ళ లోపు వాళ్ళకి తిలోదకాలు కూడా లేవు. తద్దినం లేదు, తర్పణం లేదు. అంటే ఏడాదికి ఒక్కసారైనా ఆ పేరు పైకి పలికే రోజు ఉండదు. పసివాళ్ళకి పాపం అంటదు, వాళ్ళకి ఈ కర్మలతో పనిలేదని పెద్దలు చెబుతారు. అది వాళ్ళ మీద దయే. కానీ ఇంట్లో మిగిలినవాళ్ళ సంగతి అలా కాదు. పేరు పలికే రోజు లేకపోతే, వాడి గురించి మిగిలేది ఆ ఒక్క పొద్దే. మా ఇంట్లో రెండున్నరేళ్ళు బతికిన పిల్లాడి గురించి మాకు తెలిసింది ఆఖరి పది నిమిషాలు మాత్రమే. అదీ తప్పుగా.

ఆ రోజు పెద్దత్తయ్య మిగతావి కూడా చెప్పింది. వాడికి దూడ అంటే ప్రాణం. పాలు పితికేటప్పుడు పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. 'ర' పలికేది కాదు, అక్కడ 'ల' అనేవాడు. పెళ్ళివారు సంతకి వస్తే మేళం వెనకాలే వీధి చివరి దాకా పోయేవాడు. గోదావరి గట్టు మీదకి తీసుకెళ్తే పంటు దాటుతున్నంతసేపూ చెయ్యి ఊపేవాడు, ఎక్కినవాళ్ళు కూడా ఊపేవారు. పంటు అంటే మన పిల్లలకి తెలియదు. బాలయోగి గారి పేరు మీద ఎదుర్లంక వంతెన వచ్చాక దాని అవసరం తీరిపోయింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ వాణ్ణి పేరుతోనే పిలిచింది. మా నాన్న పేరుతో. మేం ఆవిడ నోట ఆ పేరు వినడం అదే మొదలు.

మా వంశవృక్షంలో ఇప్పుడు ఆ పేరు రెండుసార్లు ఉంది. మొదటి గడిలో ఆ పేరు, 1946 - 1948. రెండో గడిలో నాన్న. ఆయనకి రిజిస్టరులో రాయించిన పేరు, దాని కింద ఊరందరూ పిలిచిన పేరు. మొదటి గడిలో ఎలా పోయాడో రాయలేదు. ఆ 85వ అధికరణం మా ఇంటికి కూడా బాగానే ఉందనిపించింది. దానికి బదులు 'దూడ అంటే ఇష్టం' అని రాశాం. సంతానం గడిలో ఐదు కొట్టేసి ఆరు వేశాం.

ఇక మీకు చెప్పదలుచుకున్నవి రెండు మూడు మాటలు.

ఫారాల్లో పిల్లలప్పుడే పోయినవాళ్ళని కూడా రాయండి. పేరు తెలియకపోతే, 1954కి ముందు యానాంలో పుట్టినవాళ్ళయితే, ఫ్రెంచి రిజిస్టర్లలో ఉండే అవకాశం ఉంది. నకలు కోసం దరఖాస్తు ఎలా పెట్టాలో, ఫ్రెంచి ఎవరిచేత చదివించుకోవాలో మేం చెబుతాం. పేరు పెట్టకముందే పోయిన పసిగుడ్డయితే 'మగపిల్లాడు', 'ఆడపిల్ల' అనైనా రాయండి, గడి ఖాళీగా వదలకండి.

ఇంట్లో రెండు మూడేళ్ళ పిల్లలుంటే సంపు మూత, డ్రమ్ము మూత, బాత్‌రూమ్ తలుపు గడియ ఈ రోజే చూడండి. పాండిచ్చేరిలో నీళ్ళు పట్టుకునే వేళలు మీకు తెలుసు, వరండాల్లో వరసగా నిండు బకెట్లు ఉంటాయి. వాడకం అయ్యాక బోర్లించండి. మా మామ్మ ఆచారం అనుకున్నది ఆచారం కాదు, అనుభవం. వచ్చే వేసవి సెలవుల్లో పిల్లలకి ఈత నేర్పించే పని సంఘం తరఫున పెట్టుకుందామని మా మనవి. ఏటా జూలై 25ని ఐక్యరాజ్య సమితి మునక నివారణ దినంగా పాటిస్తోంది. ఆ లోపు మొదలుపెడితే బాగుంటుంది.

ఆఖరుగా, మీ ఇంట్లో పెద్దవయసు ఆడవాళ్ళ దగ్గర తీరిగ్గా కూర్చోండి. "మీరు ఎంతమంది?" అని అడిగితే బతికినవాళ్ళ లెక్కే చెబుతారు. "మీ అమ్మగారు ఎంతమందిని కన్నారు?" అని అడగండి. అడిగి, వాళ్ళు చెప్పేదాకా కాసేపు ఊరుకోండి.